గొలుసు కవచం: రివెట్ కొట్టిందా, ఊరికే నొక్కిందా?

1066 నాటి హేస్టింగ్స్ యుద్ధాన్ని ఇంగ్లండ్‌లో ఇప్పటికీ వేషాలు కట్టి మళ్లీ ఆడి చూపిస్తారు. అందులో నార్మన్ (ఫ్రాన్స్ వైపు నుంచి దండెత్తి వచ్చి గెలిచినవాళ్లు) సైనికుడిగా దిగాలనుకునేవాళ్లకు మొదటి టెన్షన్ ఏ గొలుసు కవచం, అంటే చిన్న చిన్న లోహపు ఉంగరాలు ఒకదానిలో ఒకటి అల్లిన చొక్కా, కొనాలన్నదే.

చౌక రకంలో ఉంగరం కొసలు రెండూ ఎదురెదురుగా నొక్కి వదిలేస్తారు. దూరం నుంచి తేడా తెలీదు, ఫొటోలకు చాలు, కానీ గట్టి దెబ్బ తగిలినా, ఎవరైనా పట్టుకుని లాగినా ఉంగరాలు తెరుచుకుని రాలిపోతాయి, ఇక సాయంత్రమంతా పటకారుతో కూర్చోవడమే. అలా తెరుచుకోకూడదని తీగ లావుగా వాడతారు కాబట్టి చాలాసార్లు బరువు కూడా దీనికే ఎక్కువ.

రివెట్ రకంలో కొసల్ని ఒకదానిమీద ఒకటి వేసి, చదును చేసి, చిల్లు పెట్టి చిన్న రివెట్ (మేకులాంటి ముక్క) బిగిస్తారు. ఆ కాలంలో యూరప్‌లో వాడింది ఇదే. చొక్కాకు వేల ఉంగరాలు, అందుకే ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది (ఇలాంటివి చాలా మన దేశంలోనే తయారై అక్కడికి వెళ్తాయి, అదో తమాషా).

తుప్పు రెండింటికీ పడుతుంది. అల్యూమినియంది తేలిక, కానీ ఆ మెరుపు చూడగానే అసలుది కాదని దొరికిపోతారు.

కత్తి పట్టి దిగేవాళ్లయితే నా ఓటు రివెట్‌కే. డబ్బు చాలకపోతే ముందు లోపల తొడిగే మందపాటి కుట్టు కోటు కొనుక్కోండి, ఎలాగూ అది లేకుండా ఏ కవచమైనా దెబ్బ నొప్పి ఆపదు.