రాజ్‌దూత్ 350కి చేయించిన మూడో గేరు: నాలుగేళ్లు నడిపాక

బండి మా నాన్నది, 1985 మోడల్. యమహా ఆర్‌డీ350ని ఎస్కార్ట్స్ వాళ్లు ఇక్కడ రాజ్‌దూత్ 350 పేరుతో అమ్మారు. తయారీ ఆగి మూడు దశాబ్దాలు దాటింది. ఆరు గేర్లలో మూడోది, ఎక్సలేటర్ ఇవ్వగానే న్యూట్రల్‌లోకి జారేది. రాణీగంజ్ స్పేర్ పార్టుల షాపుల్లో నెలరోజులు తిరిగితే దొరికినవన్నీ మాదానికంటే అరిగినవే. చివరికి బాలానగర్ మెషిన్ షాపుల్లో కొత్తది చేయించా.

మొదటిసారి పప్పులో కాలేశా. అరిగిన గేరునే నమూనాగా ఇస్తే, షాపాయన అరుగుదలతో సహా దించేశాడు! కొత్త గేరు, పాత జబ్బు. జారడానికి కారణం పళ్లు కాదు, గేరు పక్కన ఉండే డాగ్స్, అంటే పక్క గేరులోకి దిగి దాన్ని పట్టుకునే దిమ్మలు. ఇంజిన్ లాగేటప్పుడు రెండు గేర్లూ ఒకదాన్నొకటి దగ్గరికి లాక్కునేలా వాటి అంచులను కొన్ని డిగ్రీలు లోపలికి ఏటవాలుగా కోస్తారు. అరిగితే ఆ కోత పోయి గుండ్రమవుతుంది. 6 వేలు బూడిదపాలు.

రెండో షాపాయన డాగ్ వెనకవైపు చూశాడు. ఎక్సలేటర్ వదిలినప్పుడే అక్కడ ఒత్తిడి పడుతుంది కనుక పాత కోణం మిగిలే ఉంది. పళ్లకు కూడా బయటి వ్యాసాన్ని నమ్మలేదు. బండి గేర్లకు ప్రొఫైల్ షిఫ్ట్ (పళ్లను మామూలు చోటు కంటే కాస్త లోపలికో బయటికో జరిపి కోయడం) ఉంటుందని, నాలుగేసి పళ్లు కలిపి మైక్రోమీటర్‌తో పట్టి లెక్కగట్టాడు. దీని పళ్లతో కలిసి తిరిగే జత గేరు కూడా చేయాల్సిందేనన్నాడు. స్టీలు 20ఎంఎన్‌సీఆర్5, గేర్లకు వాడే రకం. కార్బురైజింగ్ (పైపొరకు కార్బన్ ఎక్కించి గట్టిపరచడం) చేశాక పైపొర గట్టిదనం రాక్‌వెల్ సీ కొలతలో 60 దాకా వచ్చింది. లోపల అంత గట్టిగా ఉండకూడదు, కుదుపుకి పళ్లు విరుగుతాయి. మూడు వారాలన్నది ఏడు వారాలైంది. రెండు జతలకు 19 వేలు.

ఇప్పటికి 14 వేల కిలోమీటర్లు. శ్రీశైలం ఘాట్‌లో కూడా ఒక్కసారీ జారలేదు. పోయినేడు క్రాంక్ సీళ్ల కోసం ఇంజిన్ విప్పితే పళ్ల మీద గుంటల్లేవు, డాగ్స్ మూలలు కొంచెం మెరుస్తున్నాయంతే. అయితే మూడులో 50 దాటితే సన్నని కూత. పళ్లకు గ్రైండింగ్ చేయించి నునుపు చేద్దామని షాపాయన అప్పుడే అన్నాడు. ఇంకో 8 వేలని వద్దన్నా. ఆ పిసినారితనం ఇప్పటికీ చెవిలో మోగుతోంది.

హీట్ ట్రీట్‌మెంట్‌కు ఒక జతైనా రెండైనా అదే చార్జీ అన్నారనే రెండు చేయించా. రెండోదానికి గ్రీజు పూసి, కాగితం చుట్టి బీరువాలో దాచా. ఆ గ్రీజు మా ఆవిడ పట్టుచీరకు అంటిన రోజు ఇంట్లో లేచిన కూత ముందు గేరు కూత ఏపాటిది!