పార్కిన్సన్స్‌తో ఏడేళ్లు: నేను వాడిన పోషక మాత్రలు

జబ్బు పార్కిన్సన్స్ అని తేలిన వారంలోనే, మన కణాల్లో శక్తి తయారీకి తోడ్పడే కోఎంజైమ్ క్యూ10 అనే పదార్థాన్ని మాత్రలుగా మొదలుపెట్టాను. రోజుకు 1200 మి.గ్రా. 2002లో 80 మంది రోగులతో జరిగిన ఒక పరీక్షలో ఈ మోతాదు వాడినవారిలో క్షీణత నెమ్మదించినట్టు కనిపించిందని చదివాను. అంతవరకే చదివాను.

రోజూ ఉదయం గీతల నోటుపుస్తకంలో ఒకే వాక్యం రాసేవాణ్ని. మొదటి పదం గీతల మధ్య నిండుగా ఉంటుంది. చివరికి వచ్చేసరికి, ఈ జబ్బు వల్ల, అక్షరాలు చీమలబారులా కుదించుకుపోతాయి. క్యూ10 మొదలుపెట్టిన నాలుగు నెలలు చివరి పదం కూడా కాస్త పెద్దగానే వచ్చింది. ఇంటిల్లిపాదీ సంతోషించాం. ఎనిమిదో నెలకు అక్షరాలు మళ్లీ చిన్నవయ్యాయి. అయినా మానలేదు, ఇంకా రెండేళ్లు వాడాను.

ఆ నాలుగు నెలల సంగతి తర్వాత న్యూరాలజిస్టు వివరించారు. మేలు జరుగుతుందన్న నమ్మకమే పార్కిన్సన్స్ రోగి మెదడులో డోపమైన్‌ను, అంటే ఈ జబ్బులో తగ్గిపోయే రసాయనాన్ని, విడుదల చేయిస్తుంది. 2001లో స్కానింగ్‌తో దీన్ని చూపించారు కూడా. ఇక క్యూ10ను 600 మందిపై, 2400 మి.గ్రా. దాకా ఇచ్చి పరీక్షించారు. ప్రయోజనం కనిపించక 2011లో ఆపేశారు, ఫలితాలు 2014లో వచ్చాయి. నేను సీసా కొన్ననాటికే అవి అందుబాటులో ఉన్నాయి. సీసా మీద మాత్రం ఆ ఊసే లేదు. ఆశతో ఉన్న మనిషికి సగం కథే చెప్పడం నాకు ఇప్పటికీ బాధే.

కండరాల బలానికి వాడే క్రియాటిన్ పొడి ఏడాది వాడాను. తేడా తెలియలేదు. 1741 మందితో చేసిన పరీక్షలోనూ ఇదే తేలింది. విటమిన్ ఇ జోలికి వెళ్లలేదు. పార్కిన్సన్స్‌లో అది పనిచేయదని 1993లోనే బయటపడింది. అల్జీమర్స్ సంగతి వేరు. తొలి, మధ్య దశల్లో ఉన్నవారికి రోజువారీ పనులు చేసుకునే శక్తి తగ్గడాన్ని విటమిన్ ఇ కొంత నెమ్మదింపజేసిందని 2014 నాటి పరీక్ష చెప్పింది. అందుకని ఒక జబ్బుకు పనికొచ్చిన మాత్రను మరో జబ్బుకు వాడేయకండి. అంత ఎక్కువ మోతాదును డాక్టరుకు చెప్పకుండా అసలే తీసుకోవద్దు.

నాకు నిజంగా మేలు చేసింది బీ12. నాలుగో ఏట అరికాళ్లలో తిమ్మిర్లు మొదలైతే రక్తపరీక్ష చేయించారు, బాగా తక్కువగా ఉంది. పార్కిన్సన్స్‌కు ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా చాలాకాలం వాడేవారిలో ఇది తగ్గవచ్చట. ఇంజెక్షన్లు పడ్డాక మూడు నెలల్లో తిమ్మిర్లు చాలావరకు పోయాయి. వణుకు మాత్రం అలాగే ఉంది.

ఎక్కువ నష్టం చేసింది నేను మామూలు మల్టీవిటమిన్ అనుకున్న మాత్ర. ఉదయం లెవోడోపా వేసుకున్న నలభై నిమిషాలకు చొక్కా గుండీని వేళ్లతో పట్టి కాజాలోకి దూర్చగలిగితే మందు అందినట్టు లెక్క. ఐదో ఏట ఒక నెలంతా, గంటన్నర గడిచినా గుండీ వేళ్ల మధ్య నుంచి జారిపోయేది. జబ్బు ముదిరిందనుకున్నాం. మా ఆవిడ ఏమీ అనకుండా వచ్చి గుండీలు పెట్టి వెళ్లేది. మోతాదు పెంచమని అడగడానికి వెళ్తే డాక్టరు ముందు మందుల డబ్బా చూపించమన్నారు. ఉదయపు అరలో లెవోడోపా పక్కనే కొత్త మాత్ర ఉంది.

"ఇందులో ఐరన్ ఉందండీ. కడుపులో లెవోడోపాను పట్టేసుకుంటుంది, రక్తంలోకి సరిగా చేరనివ్వదు" అన్నారు ఆమె. ఆ మాత్రను రాత్రి ఆఖరి లెవోడోపా వేసుకున్న రెండు గంటల తర్వాతకు మార్చాను. మోతాదు పెంచనక్కర్లేకపోయింది. వారం తిరిగేసరికి గుండీలు నేనే పెట్టుకుంటున్నాను.

దూలగొండి పొడి వాడమని చాలామంది సలహా ఇచ్చారు. ఆ గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. అంటే అది పోషకం కాదు, మందే. మాత్రకు తోడు అదీ వేసుకుంటే ఎంత మోతాదు పడుతోందో తెలియదు. నేను ముట్టుకోలేదు.

ఇప్పుడు నా డబ్బాలో లెవోడోపా కాక బీ12, రక్తపరీక్షలో తక్కువగా ఉందని ఇచ్చిన విటమిన్ డి మాత్రమే ఉన్నాయి. నోటుపుస్తకం కొనసాగుతోంది. వాక్యం పక్కన ఏ మాత్ర ఎన్నింటికి వేసుకున్నానో కూడా రాస్తున్నాను.