రొయ్యల ల్యాబులో నిలువు ఆటోక్లేవ్: ఏళ్ల వాడకం తర్వాత

భీమవరం, ఆకివీడు, నరసాపురం వైపు ఏ ఆక్వా ల్యాబుకి వెళ్లినా ఒక మూల నిలువు ఆటోక్లేవ్ కనిపిస్తుంది, ఒత్తిడి కింద ఆవిరితో సామానులోని క్రిములని చంపే (స్టెరిలైజు చేసే) తొట్టి. ఈ సమీక్ష 50 లీటర్ల రకం మీద. లోపలి వ్యాసం 350 మిల్లీమీటర్లు, లోతు 550. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు తొట్టి, నీళ్లు మరిగించే 3 కిలోవాట్ల కాయిలు, మూత చుట్టూ రెక్క నట్లు, పైన ప్రెషర్ గేజి, ఆవిరి వదిలే కాక్, సేఫ్టీ వాల్వు, అడుగున నీళ్లు వదిలే ట్యాపు. రోజూ వాడుతున్నా ఏళ్ల తరబడి నిలబడింది, మొండి యంత్రం. అయితే గేజి ముల్లుని గుడ్డిగా నమ్మితే మాత్రం మోసం జరుగుతుంది. స్టెరిలైజు కాని మీడియా (బాక్టీరియాని పెంచే మేత) మీద వచ్చిన రిపోర్టు చూసి రైతు చెరువులో మందు పోస్తాడు. ఆ ఖర్చు అతనిది, తప్పు మనది.

1879లో పాశ్చర్ దగ్గర పనిచేసిన చార్లెస్ చాంబర్‌లాండ్ దీన్ని తయారుచేసినప్పటి నుంచి సూత్రం మారలేదు: ఒత్తిడి కింద ఆవిరి 100 డిగ్రీలు దాటుతుంది, ఆ తడి వేడికి స్పోర్లు (బాక్టీరియా గట్టి పెంకు కట్టుకున్న రూపం) కూడా చస్తాయి. చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర 121 డిగ్రీలు. కానీ లోపల ఆవిరి తప్ప ఇంకేమీ లేనప్పుడే ఈ లెక్క. గాలి సగం మిగిలిపోతే గేజి అదే 15 చూపిస్తుంది, వేడి మాత్రం 112 దగ్గరే ఉంటుంది. గాలి అసలు వదలకుండా కాక్ బిగించేస్తే 100 దగ్గరే. ముల్లు చూసి తేడా పట్టలేరు. మూడో రోజు ప్లేట్ల మీద అక్కర్లేని కాలనీలు లేచినప్పుడే తెలుస్తుంది.

అందుకే కాక్ పూర్తిగా తెరిచి ఉంచి స్విచ్చు వేయాలి. మొదట వచ్చేది చిమ్ముతూ, ఆగుతూ వచ్చే గాలి, ఆవిరి కలిసిన పొగ. అది చూసి మూసేయకూడదు. ఆగకుండా ఒకే ధాటిగా, ఒకే మోతతో ఆవిరి రావడం మొదలయ్యాక ఇంకో 5 నిమిషాలు వదిలి అప్పుడు కాక్ మూయాలి. టైము లెక్క 15 పౌండ్లకి చేరాక మొదలవుతుంది, స్విచ్చు వేసినప్పుడు కాదు. గాలి ఆవిరి కన్నా బరువు కాబట్టి గిన్నెల అడుగున కూర్చుంటుంది. బొక్కలు లేని బకెట్‌లో సామాను పెడితే అడుగున వేడి అందదు. జల్లి బుట్ట వాడాలి. ఖాళీ సీసాలు, పిపెట్ డబ్బాలు అడ్డంగా పడుకోబెట్టాలి. స్క్రూ మూతలు అర చుట్టు వదులు చేయాలి. కోనికల్ ఫ్లాస్కు సగానికి మించి నింపొద్దు. మూత మీద నుంచి కారే నీళ్లకి దూది తడవకుండా పైన కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేయాలి.

250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులకి 15 నుంచి 20 నిమిషాలు చాలు. లీటరు సీసాలో మధ్య దాకా వేడి చేరడం ఆలస్యం, 30 పెడతాం. అయ్యాక స్విచ్చు ఆపి ముల్లు తనంతట తాను సున్నాకి రానివ్వాలి, దీనికి ముప్పావుగంట పట్టొచ్చు. 10 పౌండ్ల దగ్గరే కాక్ తెరిస్తే సీసాలో మీడియా ఒక్కసారిగా పొంగి దూదిని తన్నేస్తుంది, తొట్టి నిండా మీడియాని గడ్డకట్టించే అగార్ అంటుకుంటుంది. ముల్లు సున్నాకి వచ్చాక కాక్ తెరవకుండా వదిలేసినా చిక్కే: చల్లారేకొద్దీ లోపల శూన్యం పట్టి మూత రాదు.

రొయ్యలకి రోగం తెచ్చే విబ్రియో బాక్టీరియాని చూసే టీసీబీఎస్ అగార్ అనే మీడియాని మాత్రం ఇందులో పెట్టకూడదు. లీటరు నీళ్లకి 89 గ్రాములు కలిపి, మరిగించి, పోయడమే. ఆటోక్లేవ్ చేస్తే పనికిరాదు. రైతు చెరువు నీళ్లలో పచ్చ కాలనీలు ఎన్ని, పసుపువి ఎన్ని అని లెక్కపెట్టేది ఈ ప్లేటు మీదే కాబట్టి ఇక్కడ పొరపాటు పనికిరాదు. మెరైన్ అగార్, పల్చన చేయడానికి వాడే సెలైన్ ట్యూబులు మాత్రం మామూలుగానే ఆటోక్లేవ్‌లోకి వెళ్తాయి.

సామాను మీద అంటిస్తే వేడికి నల్ల గీతలు తేలే టేపు చూసి చాలామంది తృప్తి పడతారు. ఆ గీతలు ఈ సామాను వేడి తిన్నదని చెబుతాయి, అంతే. స్పోర్లు చచ్చాయో లేదో తేల్చేది జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ స్పోర్లు ఉన్న చిన్న సీసా. బుట్ట మధ్యలో, అన్నిటికన్నా అడుగున ఉంచి, రన్ అయ్యాక 55 నుంచి 60 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. ఆటోక్లేవ్ చేయని ఇంకో సీసా పక్కనే ఉంచితే, స్పోర్లు బతికే ఉంటాయి కాబట్టి అది పసుపుకి తిరగాలి, మనది ఊదాగానే ఉండాలి. నెలకొక్కసారైనా చేయాలి. మూత కింద ఆవిరి కారకుండా ఆపే రింగు, గాస్కెట్, మార్చిన రోజు తప్పనిసరి.

ఇక నీళ్లు. మన డెల్టాలో యంత్రాన్ని చంపేది ఇదే. బోరు నీళ్లు ఉప్పు, వేసవిలో కాలువలు కట్టేశాక పంపు నీళ్లూ అంతంతమాత్రం. బోరు నీళ్లు పోస్తే కాయిలు మీద తెల్లగా గార కడుతుంది, కాయిలు లోపలే వేడెక్కి కాలిపోతుంది. ఉప్పులోని క్లోరైడు స్టెయిన్‌లెస్ స్టీలుకీ బొక్కలు పెడుతుంది, వెల్డింగు గీతల దగ్గర మొదట తుప్పు చుక్కలు వస్తాయి. డిస్టిల్డ్ నీళ్లు మేలు, కనీసం ఆర్వో నీళ్లు. కాయిలు మునిగి నీళ్లు దానికి రెండు వేళ్లు పైకి ఉండాలి. గార పట్టితే లీటరుకి 20 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, గోరువెచ్చగా అరగంట నానబెట్టి, మూడుసార్లు కడగండి. బాత్రూం యాసిడ్ జోలికి పోవద్దు, అది స్టీలునే తింటుంది. బ్లీచింగ్ నీళ్లలో నానిన ప్లేట్లని కూడా అలాగే లోపల పెట్టకండి. బ్లీచింగో, ఆటోక్లేవో, ఏదో ఒకటే.

3 కిలోవాట్లంటే 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సాకెట్, విడిగా లైను, మంచి ఎర్తింగు కావాలి. చుట్టూ చెరువుల మీద ఏరేటర్లు తిరిగే రాత్రుళ్లు వోల్టేజి 180కి పడిందనుకోండి, కాయిలు 1.8 కిలోవాట్లే ఇస్తుంది, ప్రెషర్ ఎక్కడానికి గంట దాటుతుంది. మధ్యలో కరెంటు పోయి ముల్లు 15 కిందికి జారితే, తిరిగి 15 చేరాక టైము మొదటి నుంచి లెక్కపెట్టాలి, మిగిలిన నిమిషాలు కలిపితే సరిపోదు.

చచ్చిన రొయ్యలు, వాడిన ప్లేట్లు 45 నిమిషాలు పెట్టాలి. సంచిలో ఒక గ్లాసు నీళ్లు పోసి, మూతి బిగించకుండా వదులుగా మడవాలి, లేకపోతే ఆవిరి లోపలికి పోదు. వాసన మాత్రం భరించలేం. దానికి కారణం ట్రైమిథైలమైన్, క్షార గుణం ఉన్నది. అందుకే సబ్బుతో పోదు, పులుపుతో పోతుంది, చేపలు కడిగిన చేతికి నిమ్మచెక్క రుద్దినట్టే. నీళ్లు వేడిగా ఉండగానే ట్యాపు నుంచి వదిలేసి, నిమ్మ ఉప్పు నీళ్లతో తొట్టి, మూత లోపలి భాగం తుడవాలి. సిలికాన్ గాస్కెట్ వాసన పట్టుకుంటుంది కాబట్టి చెత్తకి ఒకటి, మీడియాకి ఒకటి విడిగా ఉంచడం మంచిది.

నట్లు ఎదురెదురుగా జతలుగా బిగించండి, వరసగా తిరిగితే ఒక పక్క గాస్కెట్ నలిగి ఆవిరి కారుతుంది. రాత్రి మూత తెరిచే వదిలేయండి. సేఫ్టీ వాల్వుని నెలకోసారి ప్రెషర్ లేనప్పుడు చేత్తో ఎత్తి చూడండి, ఉప్పు పట్టి అంటుకుపోతే ఆ యంత్రాన్ని స్విచ్చు వేయకూడదు.

కొత్తది కొనేటప్పుడు రెక్క నట్ల రకం కన్నా మధ్యలో చక్రం తిప్పే రేడియల్ లాక్ రకం తీసుకోవచ్చు. గాస్కెట్ మీద ఒత్తిడి సమంగా పడుతుంది, మూసే టైము కలిసొస్తుంది. నీళ్లు తగ్గితే ఆపేసే కటాఫ్ ఉందో లేదో అడగండి. డ్రెయిన్ ట్యాపు తొట్టి అట్టడుగున ఉండాలి, పక్కకి పైకి పెడితే మురికి నీళ్లు ఎప్పుడూ అడుగున మిగులుతాయి. అదే కాయిలు, అదే గాస్కెట్ భీమవరంలోనే దొరుకుతాయో లేదో తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.