తేలిక తూటాలతో పిస్టల్ ప్రాక్టీస్: చాలాకాలం వాడాక

ట్రిగ్గర్ నొక్కడం బాగుపడింది, గ్రిప్ (పిస్టల్ పట్టు) మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. తేలిక తూటాలతో ప్రాక్టీస్ ఎలా ఉందని అడిగితే నేను చెప్పేది ఇదే.

వాడేవి రెండు రకాలు. నా 9 ఎంఎం పిస్టల్‌లో చిన్న .22 తూటాలు కాల్చేందుకు బిగించుకునే కన్వర్షన్ కిట్ ఒకటి, మందు (గన్‌పౌడర్) తగ్గించి నింపిన 9 ఎంఎం రౌండ్లు మరొకటి. గుండు బరువును గ్రెయిన్లలో (గుండ్లను తూచే చిన్న కొలత), వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని, గుణించి 1000తో భాగిస్తే వచ్చేది పవర్ ఫ్యాక్టర్. ఐపీఎస్‌సీ (ప్రాక్టికల్ షూటింగ్) పోటీల్లో మైనర్ అనే తక్కువ శక్తి తరగతికి కనీసం 125 ఉండాలి. 124 గ్రెయిన్ల గుండు 1,050 అడుగుల వేగంతో వెళ్తే 130 వస్తుంది. అదే వేగంతో వెళ్లే 40 గ్రెయిన్ల .22 గుండుకు వచ్చేది 42. తన్నులో, అంటే పేలగానే పిస్టల్ వెనక్కి కొట్టే దెబ్బలో, తేడా ఎందుకుంటుందో ఈ లెక్కే చెబుతుంది. గుండు బరువు తగ్గినంత మాత్రాన తన్ను తగ్గదు. 147 గ్రెయిన్ల గుండు నెమ్మదిగా వెళ్తూ అదే 130 ఇచ్చినా చేతికి మెత్తగానే ఉంటుంది, 115 గ్రెయిన్లది చురుక్కుమంటుంది.

లాభమంతా ట్రిగ్గర్ దగ్గరే. పేలబోతోందన్న ఊహకే చెయ్యి బిగుసుకుని బ్యారెల్ కిందికి వాలడం చాలామందికి ఉన్న జబ్బు. కుడిచేతివాళ్లకైతే గుండ్లన్నీ కింద ఎడమవైపు పడుతుంటాయి. తేలిక రౌండ్లతో ఫ్రంట్ సైట్ (గురి చూసే ముందు మొన) కాస్త లేచి మళ్లీ వెనక గాడిలోకి దిగడం కళ్లారా కనిపిస్తుంది. రెప్ప పడదు. టార్గెట్ వైపు చూడకముందే గుండు ఎటు పోయిందో తెలిసిపోతుంది. నమ్మకం కుదరకపోతే మ్యాగజైన్‌లో పేలని డమ్మీ రౌండ్లు కలిపి పెట్టమని పక్కవాళ్లకు ఇవ్వండి. డమ్మీ మీద ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఫ్రంట్ సైట్ కదలకపోతే జబ్బు తగ్గినట్టే. ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ షూటర్లు 2004 దాకా పోటీల్లోనే .22 షార్ట్ అనే పొట్టి తూటా వాడేవారు, తన్ను తక్కువన్న సుఖం కోసమే. 2005 నుంచి రూల్ మారి .22 లాంగ్ రైఫిల్ అనే పొడవాటి తూటా తప్పనిసరైంది.

ఇక గ్రిప్. .22తో ఎడమచెయ్యి అలంకారానికి ఉన్నా పని నడిచిపోతుంది. పోటీలో వాడే మ్యాచ్ రౌండ్లు ఎక్కించి వెంటవెంటనే రెండు కాల్చినప్పుడు బండారం బయటపడుతుంది: మొదటిది నడిమధ్య, రెండోది జానెడు పైన. సైట్ తిరిగొచ్చే లయే వేరు మరి. అందుకే సెషన్‌లో చివరి మ్యాగజైన్లు మ్యాచ్ రౌండ్లతోనే కాలుస్తాను. పోటీ దగ్గరపడ్డాక తేలికవాటి జోలికే పోను.

చిరాకులూ ఉన్నాయి. మందు తగ్గితే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) పూర్తిగా వెనక్కి రాక ఖాళీ షెల్ ఇరుక్కుంటుంది. స్లైడ్‌ను మళ్లీ ముందుకు తోసే రీకాయిల్ స్ప్రింగ్‌ను మెత్తటిది వేశాక నాకు ఆ బాధ తప్పింది, కానీ మ్యాచ్ రౌండ్లు వాడేముందు పాతది మళ్లీ బిగించాలి. గుండు పడే చోటు కూడా మారుతుంది కాబట్టి తేలిక రౌండ్లతో సైట్లు సరిచేస్తూ కూర్చోకండి, గుంపు ఎంత దగ్గరగా పడిందో చూస్తే చాలు.

ఒక్క విషయంలో మాత్రం ఉదాసీనత పనికిరాదు. శబ్దం 'టప్'మని నీరసంగా వస్తే గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. వెంటనే ఆపాలి, పిస్టల్‌ను సురక్షిత దిశలోనే ఉంచి అన్‌లోడ్ చేసి బ్యారెల్ ఖాళీగా ఉందో లేదో చూడాలి. దాని వెనక ఇంకో గుండు పేలిస్తే బ్యారెల్ పగిలిపోవచ్చు. రౌండ్లు సొంతంగా నింపుకునేవాళ్లు మందు తయారీదారు ఇచ్చిన కనీస కొలత కంటే కిందికి దిగొద్దు.