కడప – నంద్యాల ప్యాసింజరు: గండికోటకు ఒక్కసారి ఇందులో పోయి చూడండి

గండికోటకు కారులోనే పోవాలి అనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. సంక్రాంతి సెలవుల్లో అమ్మను, పిల్లలిద్దరినీ తీసుకుని కడపలో ప్యాసింజరు ఎక్కి జమ్మలమడుగులో దిగాం, అన్నీ జనరల్ టికెట్లే, కారు పెట్రోలుతో పోలిస్తే ఖర్చు లెక్కలోకే రాదు.

ఎర్రగుంట్ల దాకా ముంబై–చెన్నై మెయిన్ లైను, ఎప్పుడూ చూసేదే. అక్కడి నుంచి నంద్యాల లైను పట్టుకున్నాకే అసలు ప్రయాణం. పెన్న దాటి ప్రొద్దుటూరు, ఆపైన రెండు పక్కలా నల్లరేగడి, శనగ చేలు. అమ్మ పుట్టిల్లు కోయిలకుంట్ల దగ్గర, కిటికీ వదల్లేదు. "నా పెండ్లప్పుడు ఈ బండి ఉండింటే నెలకోసారి మా ఊరికి పోయొచ్చేదాన్ని రా" అంది. 1996-97లో మంజూరైన 123 కిలోమీటర్ల లైను మీద బండి తిరిగింది 2016లో, అంటే ఇరవై ఏండ్లు! ఆ మాటకు నేనేం చెప్పాలి?

సింగిల్ లైను కాబట్టి ఎదురుగా బండి వస్తే ఆగాల్సిందే. సిమెంటు గూడ్సులు పోనీ, వాటి మీద బతికే ఇండ్లు ఈ జిల్లాలో చాలా ఉన్నాయి. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు వేసి చీనీకాయలు, టమోటాలు, అరటి పంపారు, ఆ పథకంలో ఛార్జీలో సగం రాయితీ కూడా ఇచ్చారు. సరుకు మీద పెట్టిన శ్రద్ధ మనుషుల మీద కూడా పెట్టి ఈ లైనులో ప్యాసింజర్లు పెంచాలి, ఒక్క బండి తప్పితే రోజంతా పాడవుతుంది.

ఇబ్బంది దిగాక మొదలవుతుంది. కోట ఇంకా పదిహేను కిలోమీటర్లు, ఆటో అతను అడిగిన రేటుకు మా నలుగురి రైలు టికెట్లు ఎన్నిసార్లయినా కొనొచ్చు. బండి వచ్చే టైముకు స్టేషన్ బయట ఒక బస్సు నిలబెడితే చాలు. మాధవరాయ గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూసి లోయ అంచుకు చేరేసరికి అమ్మకు కాళ్లు నొప్పులు, అయినా పెన్న కనబడగానే అక్కడే కూర్చుండిపోయింది.

ఇంకో కోరిక. నంద్యాల అవతల నల్లమలలో 1880ల నాటి దొరబావి రైలు వంతెన దగ్గర పాత మీటర్ గేజ్ (మీటరు వెడల్పు పట్టాల) దారి ఉంది. పులుల అడవి కాబట్టి అటవీ శాఖ గైడుతోనే, ఆ దారిలో కొంత దూరం మనుషుల్ని కాలినడకన తీసుకుపోతే నేను మొదటి రోజే పోతా.

నీళ్లు, అన్నం ఇంటి నుంచే తీసుకుపోండి. తిరుగు బండి టైము ముందే చూసుకోండి.