జాన్ నాక్స్ వంశమని 450 పౌండ్లు గుంజాడు, జాగ్రత్త

ఆ పచ్చ అక్షరాల ప్రకటన మీరూ చూసే ఉంటారు. "మీ పూర్వీకుల్లో ఐర్లండు తొలి ప్రెస్బిటేరియన్ పాదిరులు ఉన్నారా?" అని అడుగుతుందే, అదే. (ప్రెస్బిటేరియన్లంటే ఇక్కడి ప్రొటెస్టెంటు క్రైస్తవుల్లో ఒక శాఖ.) ఆ ప్రకటన ఇచ్చి డబ్బుకు వంశవృక్షాలు గీసిచ్చేవాడి పేరు రాయను, రాయనక్కరలేదు కూడా. బెల్‌ఫాస్ట్ చుట్టుపక్కల ఇళ్ళకు కోడళ్ళుగా, అల్లుళ్ళుగా వెళ్ళిన మన తెలుగువాళ్ళందరికీ అతను తెలుసు. ఇంకెవరైనా డబ్బు కట్టేలోపు రాసేయాలని కూర్చున్నాను, చేతులు ఇంకా వణుకుతున్నాయి.

మా అత్తగారికి మొన్న డెబ్బై అయిదేళ్ళు నిండాయి. ఆవిడ పుట్టింటి పేరు వెల్ష్, ఊరు ఆంట్రిమ్ కౌంటీలో టెంపుల్‌పాట్రిక్ దగ్గర. "మాది పాత పాదిరి వంశమట" అని ఆవిడ చిన్నప్పటి నుంచి వింటున్న మాట. దాన్ని వంశవృక్షంగా గీయించి, పటం కట్టించి ఇద్దామనుకున్నాను. సగం డబ్బు ముందు, సగం పటం చేతికి వచ్చాక. మూడు వారాల్లో వచ్చింది. చూడగానే మురిసిపోయి మిగతా సగం ఆ రాత్రే పంపేశాను. అంత తొందరెందుకో నన్నే అడగండి.

పటం పైన స్కాట్లండు మత సంస్కర్త జాన్ నాక్స్. ఆయన కూతురు ఎలిజబెత్, ఆమె కొడుకు జోసయస్ వెల్ష్, టెంపుల్‌పాట్రిక్ పాదిరి. ఇంతవరకు అక్షరాలా నిజం. కింద చివరి నాలుగు తరాలూ నిజమే, ఎందుకంటే వాటిని అత్తగారి ఇంటి బైబిలు చూసి నేనే రాసి పంపాను! రెండు చివరలూ నిజమైతే మధ్యలో ఉన్న ఏడు తరాలను ఎవరు అనుమానిస్తారు? పక్కన ఒక ఓడ బొమ్మ కూడా. 1636లో పాదిరులు, వారి అనుచరులు నూట నలభై మంది దాకా ఎక్కి అమెరికాకు బయలుదేరి, తుఫానుకు వెనక్కి తిరిగి వచ్చిన ఈగిల్ వింగ్. "జోసయస్ ప్రయాణించిన ఓడ" అని కింద వంకర టింకర బంగారు అక్షరాలు.

పుట్టినరోజు నాడు అందరి ముందు పటం విప్పాను. మా ఆయన మేనమామ చర్చిలో పెద్ద. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, నా వైపు జాలిగా చూసి, "అమ్మాయీ, జోసయస్ 1634లోనే పోయాడు కదా" అన్నారు. పోయిన రెండేళ్ళకు ఓడ ఎక్కాడన్నమాట. అంతటితో ఆగాడా? పటం ప్రకారం 1639లో కొడుకుకు బాప్తిస్మం కూడా ఇప్పించాడు! గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అత్తగారు మాత్రం "ఓడ బొమ్మ బాగుందమ్మా" అన్నారు.

మర్నాడు ఫోను చేశాను. మొదట తేనె పూసిన మాటలు. 1634 అన్నది పాత పుస్తకాల అచ్చుతప్పట. సరే, 1639 నాటి బాప్తిస్మం ఏ పుస్తకంలో చూశారు, టెంపుల్‌పాట్రిక్ సంఘ పుస్తకం 1646లో కదా మొదలయ్యేది అని అడిగాను (రాత్రి కూర్చుని అంతా చదివాను లెండి, డబ్బు కట్టాక). మాట మార్చాడు. మధ్య తరాల రుజువులన్నీ 1922 జూన్‌లో డబ్లిన్‌లో పాత రికార్డులు దాచిన ఫోర్ కోర్ట్స్ భవనాల మంటల్లో పోయాయన్నాడు. ఆ మంటల్లో కాలిన చర్చి రిజిస్టర్లు ఆంగ్లికన్ చర్చివి, అది వేరే శాఖ. ప్రెస్బిటేరియన్ల రిజిస్టర్లు అక్కడికి పంపాలన్న నియమమే లేదు, అవి ఆయా సంఘాల దగ్గరే ఉండేవి. అదే చెప్పాను.

అప్పుడు గొంతు మారింది. "మీరు ఇండియావాళ్ళు కదా, మా చర్చి చరిత్ర మీకు అర్థం కాదు" అన్నాడు. దాన్నీ దిగమింగేదాన్ని. ఆ తర్వాతి మాటే ఇంకా చెవిలో మోగుతోంది: "డెబ్బై అయిదేళ్ళ ఆవిడకు బహుమతి అని మీరే రాశారు. ఆ వయసులో ఎవరు సరిచూస్తారనుకున్నాను."

అంటే పొరపాటు కాదు. ఆవిడ వయసు చూసి, దానికి తగ్గట్టు పని చేశాడు! ఇక నేను ఏదో అనబోయేలోపే ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే మోగదు.

నా తెలివి సంగతీ చెప్పాలి. మన ఇళ్ళలో ప్రవర చెబుతూ ముగ్గురు ఋషుల పేర్లు వల్లిస్తే రుజువేదని అడిగేవారు లేరు. ఆ అలవాటే ఇక్కడికీ తెచ్చుకున్నట్టున్నాను. పెద్ద పేరు కనిపించగానే నమస్కారం పెట్టేశాను.

ఎవరికైనా ఈ సరదా ఇంకా ఉంటే: ఫాస్టీ అని ఒక పుస్తకం ఉంది. తొలి పాదిరి ఎడ్వర్డ్ బ్రైస్ ఆంట్రిమ్‌లోని బాలీకారీ ఊరికి వచ్చిన 1613 నుంచి 1840 వరకు ఐర్లండు ప్రెస్బిటేరియన్ పాదిరుల వివరాలు అందులో పేరు పేరునా ఉంటాయి. ముందు అది తిరగేయండి. చాలా సంఘాల బాప్తిస్మ రిజిస్టర్లు పందొమ్మిదో శతాబ్దంలో గాని మొదలు కావు, కాబట్టి 1700ల పేర్లు గడగడా చెప్పేవాణ్ణి తరానికో పుట సంఖ్య అడగండి. టైటానిక్ క్వార్టర్‌లోని ప్రభుత్వ రికార్డుల కార్యాలయంలో మైక్రోఫిల్ములు ఉచితంగా చూడవచ్చు. మా ఇంటి నుంచి బస్సులో ఇరవై నిమిషాలు. 450 పౌండ్లు కట్టిన నాకు ఆ ఇరవై నిమిషాలు దొరకలేదు.

బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చాను, పది రోజులు ఆగమన్నారు. పటం తీసేద్దామంటే అత్తగారు ఒప్పుకోవడం లేదు, ఓడ ఉందని హాల్లోనే తగిలించారు.