సూపర్‌జూమ్ లెన్సుకు చాలనిది వెలుతురు

ఏపీఎస్-సీ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నది) ఉన్న నా కెమెరాకు 18-300 మి.మీ. సూపర్‌జూమ్ లెన్సు బిగించి ఏళ్లు గడిచాయి. 18 దగ్గర విశాల దృశ్యం, 300 దగ్గర దూరపు వస్తువు పెద్దగా, రెండూ ఈ ఒక్క లెన్సుతోనే తీయవచ్చు. ఇలాంటి లెన్సుల గురించి మాట వస్తే అందరూ పదును దగ్గరే ఆగిపోతారు. ఇంతకాలం వాడిన నాకు పదును పెద్ద లోటు అనిపించలేదు. వెలుతురు చాలకపోవడమే దీని అసలు లోపం.

లెన్సులోకి కాంతిని వదిలే రంధ్రం అపర్చర్. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ ఆ రంధ్రం చిన్నదవుతుంది. 18 దగ్గర ఎఫ్ 3.5 వరకు తెరుచుకునే ఈ అపర్చర్, జూమ్ చేసేకొద్దీ ముడుచుకుంటూ 300కు చేరేసరికి ఎఫ్ 6.3 అవుతుంది. ఎఫ్ 2.8 లెన్సు ఇచ్చే కాంతిలో ఇది ఐదో వంతు. ఎండలో ఆ తేడా తెలియదు. పొద్దువాలాక పరుగెత్తే పిల్లలను తీయబోతే తెలుస్తుంది. ఆ కదలిక ఆగాలంటే షట్టర్ వేగం సెకనులో 500వ వంతైనా ఉండాలి. అందుకోసం ఐఎస్ఓను, అంటే కాంతికి కెమెరా స్పందించే స్థాయిని, 6400కు పెంచితే ముఖాల నిండా రంగురంగుల చుక్కలు. స్టెబిలైజేషన్ మన చేతి వణుకును సరిచేస్తుంది గానీ ఎదుటివారి కదలికను ఆపలేదు. ఇలా వచ్చిన మసకను చూసి లెన్సుకు పదును లేదనుకోవడం అన్యాయం!

300 దగ్గర అపర్చర్ పూర్తిగా తెరిస్తే వివరాలు కొంత మెత్తబడే మాట నిజమే. ఎఫ్ 8కి తెస్తే చాలావరకు తేరుకుంటాయి. 18 దగ్గర గోడల గీతలు బయటికి ఉబ్బుతాయి, కాస్త జూమ్ చేస్తే లోపలికి వంగుతాయి. దాన్ని కంప్యూటర్‌లో క్షణంలో సరిచేయవచ్చు. దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేసినప్పుడు మాత్రం 300 అన్న అంకెను నమ్మకండి. అక్కడ అంత పెద్దగా చూపదు.

ఇక ఈ లెన్సు మీద నాకున్న ఇష్టానికి కారణం: విశాలమైన లోయను తీసిన మరుక్షణం ఆవలి కొండ మీది పక్షిని తీయవచ్చు. లెన్సు మార్చేలోపు ఆ పక్షి ఉండదు. దుమ్ములో కెమెరా నోరు తెరవాల్సిన అవసరమూ లేదు. అయినా జూమ్ గొట్టం సాగినప్పుడల్లా గాలిని పీల్చుకుంటుంది కాబట్టి, కొంత దుమ్ము లోపలికి చేరుతూనే ఉంటుంది.

ఇంకో మేలు కూడా చేసింది. ప్రతి ఫొటో ఫైలులో ఫోకల్ లెంగ్త్ (18, 300 లాంటి ఆ మి.మీ. అంకె) నమోదవుతుంది కదా, వాటిని వరుసపెట్టి చూస్తే నా ఫొటోలు ఎక్కువగా 35 లోపో, 200 పైనో ఉన్నాయి. అందుకే ఇంట్లో వాడకానికి 35 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు తీసుకున్నాను. అదే 35 దగ్గర సూపర్‌జూమ్ ఇచ్చే కాంతికి దాదాపు ఆరు రెట్లు ఇస్తుంది. రెండూ కలిపినా సంచి బరువు పెద్దగా పెరగలేదు.

ఆరుబయట, పగటిపూట తిరుగుతూ తీసేవారు నిస్సంకోచంగా కొనవచ్చు. ఎక్కువగా గదుల్లో, రాత్రివేళ వేడుకలు తీసేవారికి ఇది వద్దనే చెబుతాను. పాతది కొనేవారు లెన్సును కిందికి వంచి చూడండి. తాళం మీట వేయకపోతే గొట్టం దానంతటదే జారిపోతుందేమో అక్కడే తెలుస్తుంది. ఆ మీట సాధారణంగా 18 దగ్గరే పనిచేస్తుంది, మధ్యలో జారితే చేత్తో పట్టుకోవాల్సిందే.